కుందలహళ్ళి స్కూల్లో చిరుత

2016 ఫిబ్రవరి 7 తెల్లవారుజామున బెంగళూరు కుందలహళ్ళిలోని విబ్జియార్ స్కూల్లో చిరుత తిరుగుతూ సీసీ కెమెరాకు చిక్కింది. ఆదివారం కాబట్టి పిల్లలు లేరు. మారతహళ్ళి, బ్రూక్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఎంతమంది మనవాళ్ళ పిల్లలు చదువుకుంటున్నారో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

మత్తు సూది వేసి దాన్ని పట్టుకునేసరికి రాత్రయింది. ఈలోగా కొందరు గాయపడ్డారు. వారిలో సంజయ్ గుబ్బి ఒకరు. కర్ణాటక చిరుతల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్త ఆయన. స్విమ్మింగ్ పూల్ పక్కన గేటెక్కి తప్పించుకోబోతుంటే చిరుత ఆయన్ని కిందికి లాగేసింది, చెయ్యి కొరికింది. ఆ వీడియో దేశమంతా చూసింది. మత్తు సూది తగలగానే జంతువు పడిపోతుందని మనం అనుకుంటాం గానీ, మందు పనిచేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. బెదిరిపోయి ఉంటే ఇంకా ఆలస్యం. చుట్టూ జనం మూగి కేకలేస్తుంటే బెదరక ఏం చేస్తుంది? బెంగళూరు శివార్లలోని బన్నేరుఘట్ట జూకు తరలించాక వారం తిరక్కుండానే అది బోనులోంచి తప్పించుకుపోయింది.

చిరుతల గురించి అంత తెలిసిన మనిషికే ఆ గతి పట్టిందంటే, ముచ్చటపడి పులికూనను ఇంట్లో పెంచుకునేవారి మాటేమిటి? పాలుపట్టి పెంచితే మచ్చికవుతుంది, నిజమే. కానీ కుక్క మనతో వేల ఏళ్ళుగా, తరతరాలుగా బతికి ఇంటి జంతువైంది. ఒక్క కూనను సాకినంత మాత్రాన ఆ మార్పు రాదు.

తణుకు ప్రాంతం నుంచి ఉక్రెయిన్ వెళ్ళిన మన డాక్టరొకాయన ఇంట్లో జాగ్వార్‌ను, నల్ల చిరుతను పెంచారు. 2022లో యుద్ధం మొదలైనప్పుడు వాటిని వదిలి రానని బేస్‌మెంట్‌లో ఉండిపోయారు. చివరికి వేరొకరికి అప్పగించి పోలండ్ వెళ్ళక తప్పలేదు. ఆయన ప్రేమను శంకించలేం. కానీ యజమానికి కష్టమొస్తే అలాంటి జంతువును పక్కింట్లో వదిలి వెళ్ళే వీలుండదు. 2011 అక్టోబరులో అమెరికాలోని ఒహైయో రాష్ట్రం జేన్స్‌విల్‌లో ఒక యజమాని తన పులులు, సింహాలు, ఎలుగుబంట్ల బోనులు తెరిచేసి ప్రాణం తీసుకున్నాడు. ఊరి జనం ప్రాణాలు కాపాడటానికి పోలీసులు వాటిలో చాలావాటిని కాల్చి చంపాల్సి వచ్చింది. పులులు, సింహాల వంటి పెద్ద పిల్లులను ఇళ్ళలో పెంచడాన్ని నిషేధిస్తూ 2022 డిసెంబరులో అమెరికా అంతటికీ వర్తించే చట్టం వచ్చింది.

పులులదాకా ఎందుకు, అమెరికాలో నాలుగంగుళాలకన్నా చిన్న తాబేళ్ళను పెంపకానికి అమ్మడం 1975 నుంచే నిషిద్ధం. వాటిని ముట్టుకున్న చిన్నపిల్లలకు సాల్మొనెల్లా సోకడమే కారణం. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పంజరంలో రామచిలుకను పెంచడం కూడా నేరమే. అదృష్టమని తెచ్చుకునే నక్షత్ర తాబేలుకూ ఇదే వర్తిస్తుంది. విదేశీ జాతులైతే, అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ ఉన్నవాటిని ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలని 2024లో నియమాలు వచ్చాయి.

ఇలాంటి జంతువు ఇప్పటికే ఇంట్లో ఉండి, ఏం చేయాలో తోచనివారు అటవీ శాఖను అడగండి. పాపం అనిపించి చెరువులో మాత్రం వదలకండి. బెంగళూరు షాపుల్లో అమ్మే ఎర్రచెవుల తాబేలు అలా నీళ్ళలోకి చేరి, స్థానిక తాబేళ్ళ తిండికీ చోటుకూ పోటీ అవుతుంది.