పాళీ బంగారమే, రాసేది మాత్రం బంగారం కాదు

మే నెల మధ్యాహ్నం, నవాబుపేటలో బస్సు కోసం నిలబడి, ఎవరిదో ఫోన్ నంబరు రాసుకుందామని జేబులోంచి ఇంకు పెన్ను తీశాను. అంకె పడకముందే కందిగింజంత సిరా చుక్క టప్పున కాగితం మీద పడింది. పెన్ను పాడైందనుకున్నాను. పాడవలేదు, సిరా అడుగంటింది, అంతే. డ్రాపరుతో నింపే పెన్నులో సిరా తగ్గేకొద్దీ ఆ చోటులోకి గాలి చేరుతుంది. ఎండకీ చేతి వేడికీ ఆ గాలి వ్యాకోచించి, మిగిలిన సిరాని బయటికి తోస్తుంది. నిండుగా ఉన్న పెన్నులో తోయడానికి అంత గాలి ఉండదు. ఎండలో తిరిగేవాళ్లు పెన్ను సగానికి రాగానే నింపుకోవాలి, లేదా కన్వర్టరు (సిరాని పీల్చి పట్టి ఉంచే చిన్న గొట్టం) ఉన్నది కొనాలి. కన్వర్టరులో పట్టే సిరా సాధారణంగా ఒక మిల్లీలీటరుకు మించదు, కాబట్టి గాలీ తక్కువే.

సిరా పాళీ చివరికి చేరేది కేశనాళికా చర్య వల్ల. దీపం వత్తి నూనెను పీల్చుకునేదీ ఇలాగే. సందు ఎంత సన్నమైతే లాగుడు అంత ఎక్కువ. పాళీ చీలిక మొనవైపు సన్నబడేది ఇందుకే. కాగితపు నారల మధ్య సందులూ సన్నటి గొట్టాలే. నాసిరకం రిజిస్టరు కాగితం మీద లావుపాటి పాళీతో రాస్తే అక్షరం ఈకలు విచ్చుకున్నట్టు పాకేది అందుకే. అందులో పెన్ను తప్పేమీ లేదు.

ఇక బంగారం. 14 క్యారెట్ల పాళీలో బంగారం 58.5 శాతం. కానీ కాగితాన్ని తాకేది బంగారం కాదు. అది మెత్తటి లోహం, త్వరగా అరిగిపోతుంది. అందుకే మొనకి గట్టి మిశ్రలోహపు చిన్న గుండును అతుకుతారు. ఆ గుండును ఎంత నున్నగా సానపట్టారన్నదే రాత. పాతకాలపు ఆమ్ల సిరాలకి ఉక్కు తుప్పు పట్టేది కాబట్టి బంగారం అవసరమైంది. ఈనాటి స్టెయిన్‌లెస్ స్టీలుకీ మామూలు సిరాలకీ ఆ బెడద పెద్దగా లేదు. బంగారానికి ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం ముచ్చటకే అని నా లెక్క. ముచ్చట తప్పని నేననను.

మన లిపి సంగతి వేరు. తెలుగు అక్షరం అన్ని దిక్కులకీ చుట్టుకుంటుంది. ఒత్తితే విచ్చుకునే పాళీ కిందికి గీసేటప్పుడు అందంగా ఉన్నా, తలకట్టు కోసం పైకి తోసేటప్పుడు కాగితాన్ని గీరుతుంది. సన్నగా, గుండ్రంగా, గట్టిగా ఉన్న మొనే మనకి నయం. లావు పాళీతో 'ఠ'లో చుక్క మునిగిపోతుంది. జపాన్ కంపెనీల సన్న పాళీ సాధారణంగా జర్మనీ సన్న పాళీకన్నా సన్నం. పేరు ఒకటే కదా అని మోసపోకండి.

విలాసమంటే విదేశీదే కానక్కర్లేదు. రాజమండ్రిలో కె.వి. రత్నం చేసి పంపిన స్వదేశీ పెన్ను బాగుందని గాంధీజీ 1935 జూలైలో ఉత్తరం రాశారు. రత్నం పెన్నులకి పేరు తెచ్చిన ఎబొనైటు, రబ్బరుని గంధకంతో ఉడికించి గట్టిపరిచిన పదార్థం. వేడి దానిలోంచి అంత తేలిగ్గా పారదు, చేతికి వెచ్చగా తగులుతుంది. వేలితో రుద్దితే కాస్త గంధకం వాసన. ఎండలో వదిలేస్తే మాత్రం నలుపు వెలిసిపోతుంది.

కొనడానికి పోయేటప్పుడు మీరు రోజూ రాసే పుస్తకమే చంకన పెట్టుకుపొండి. దుకాణంలో ఇచ్చే నున్నటి కాగితం మీద ఏ పెన్నైనా బాగానే రాస్తుంది. సంతకం కాదు, 'లక్ష్మి' అని పదిసార్లు రాసి చూడండి.