డిజిటల్ నోమాడ్ వీసా: ముందు అడగాల్సింది ఎంబసీని కాదు

2020లో కరోనా ఆఫీసులకు తాళాలు వేయించింది. టూరిస్టులు లేక ఈగలు తోలుకుంటున్న దేశాలకు అప్పుడో ఆలోచన తట్టింది. ఎలాగూ ఇంట్లో కూర్చునే పనిచేస్తున్నారు, ఆ ఇల్లేదో మా దగ్గరే అద్దెకు తీసుకోవచ్చు కదా అని. ఆ ఏడాది జులైలో బార్బడోస్ ‘వెల్‌కమ్ స్టాంప్’ తెచ్చింది. ఆగస్టులో ఎస్టోనియా డిజిటల్ నోమాడ్ పేరుతోనే వీసా మొదలుపెట్టింది. అక్టోబరులో దుబాయ్ అదే బాట పట్టింది. తర్వాత క్రొయేషియా, పోర్చుగల్, మలేసియా, స్పెయిన్, థాయ్‌లాండ్ వరస కట్టాయి.

మన దగ్గరికి వచ్చేసరికి ఈ వీసాకు బోలెడు కథలు తోడయ్యాయి. రీల్స్‌లో బాలి బీచ్, పక్కనే కొబ్బరిబోండం, ఒళ్లో ల్యాప్‌టాప్. ఎండలో ఆ స్క్రీను ఎలా కనబడుతుందో తీసినవాళ్లకే తెలియాలి. ఆ సంగతి వదిలేసి, దరఖాస్తు పెట్టాలనుకునేవాళ్లను దారి తప్పిస్తున్న మాటల్ని చూద్దాం.

అపోహ: ఈ వీసా వస్తే విదేశంలో ఉద్యోగం దొరికినట్టే

ఇది పూర్తిగా తిరగేసిన మాట. ఉద్యోగమో, క్లయింట్లో ముందే చేతిలో ఉండాలి. డబ్బు ఆ దేశం బయటి నుంచి రావాలి. ‘మా దగ్గర ఉండు, ఖర్చు పెట్టు, మావాళ్ల ఉద్యోగాల జోలికి మాత్రం రాకు’ అన్నదే ఈ వీసా సారాంశం. స్పెయిన్ కాస్త ఉదారంగా, ఫ్రీలాన్సర్లను స్థానిక కంపెనీలకూ పనిచెయ్యనిస్తుంది, అదీ మొత్తం పనిలో 20 శాతం దాటకుండా. కాబట్టి ‘నోమాడ్ వీసా తీసిస్తాం, దిగాక అక్కడే జాబ్ చూపిస్తాం’ అని ఎవరైనా చెబితే అక్కడే లేచి వచ్చెయ్యొచ్చు. ఆ మాటలో మొదటి సగానికీ రెండో సగానికీ పొసగదు. ఇంకో సంగతి, మనవాళ్లు మొదట అడిగే అమెరికాకు అసలు ఇలాంటి వీసానే లేదు.

అపోహ: వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంది కదా, కంపెనీకి చెప్పేదేముంది

ఎక్కువ దరఖాస్తులు మొదలవకుండానే ఆగిపోయేది ఇక్కడే. ఆఫర్ లెటర్లో ‘రిమోట్’ అని ఉంటే దాని అర్థం ఖమ్మం నుంచో కాకినాడ నుంచో పనిచేసుకోవచ్చని. కౌలాలంపూర్ నుంచి అని కాదు. వీసా ఇచ్చే దేశం అడిగే ఉత్తరం వేరు. మీ పేరు, హోదా, జీతం, ఎప్పటి నుంచి పనిచేస్తున్నారు అన్నవాటితో పాటు, ‘ఇతను ఫలానా దేశంలో ఉండి మా పని చెయ్యడానికి మాకు అభ్యంతరం లేదు’ అన్న వాక్యం అందులో ఉండాలి. మన హెచ్‌ఆర్ విభాగాలు అడగ్గానే తీసిచ్చేది మామూలు ఎంప్లాయ్‌మెంట్ లెటర్. హోమ్ లోనుకు, టూరిస్ట్ వీసాకు ఇచ్చేది. మీరు అక్కడ ఉద్యోగి అని అది చెబుతుంది, అంతే. ఆ ఒక్క వాక్యం అందులో ఉండదు. అడిగితే ఫైలు లీగల్‌కు వెళ్తుంది, లీగల్ నుంచి ట్యాక్స్ వాళ్లకు వెళ్తుంది, ఆ తర్వాత ఎటు వెళ్లిందో ఎవరూ చెప్పరు.

హెచ్‌ఆర్ మొండితనం అనుకుంటాం గానీ వాళ్ల భయానికి కారణాలున్నాయి. ఉద్యోగి వేరే దేశంలో నెలల తరబడి కూర్చుని కంపెనీ పని చేస్తే, ‘మీ కంపెనీకి మా దేశంలో వ్యాపారం ఉన్నట్టే, లాభాల మీద పన్ను కట్టండి’ అని ఆ దేశపు పన్నుల శాఖ అడిగే వీలుంది. కాంట్రాక్టు మీద సంతకం పెట్టేవాళ్లు, బేరాలు కుదిర్చేవాళ్లు అయితే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. రెండోది క్లయింటుతో ఒప్పందం. బ్యాంకుల, ఆసుపత్రుల డేటాతో పనిచేసే ప్రాజెక్టుల్లో ఆ డేటాను ఏ దేశం నుంచి తెరవాలో ముందే రాసుకుంటారు. కంపెనీ ల్యాప్‌టాప్ విదేశీ నెట్‌వర్క్ నుంచి లాగిన్ అయితే సెక్యూరిటీ టీమ్‌కు అలర్ట్ వెళ్తుంది. సొంత వీపీఎన్ పెట్టి కప్పిపుచ్చాలని చూస్తే అది ఇంకో తప్పు. ఈ కారణంగా ఉద్యోగం పోతే దాని మీద ఆధారపడిన వీసా కూడా పోయినట్టే.

స్పెయిన్ ఇంకో మెలిక పెట్టింది. 2022 డిసెంబరులో వచ్చిన స్టార్టప్ చట్టం ప్రకారం, కంపెనీ కనీసం ఏడాదిగా నడుస్తూ ఉండాలి, మీరు అందులో కనీసం మూడు నెలలుగా పనిచేస్తూ ఉండాలి. డిగ్రీ గానీ మూడేళ్ల అనుభవం గానీ చూపాలి. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆపైన సోషల్ సెక్యూరిటీ సంగతి వస్తుంది. మన పీఎఫ్ సంస్థ ఇచ్చే కవరేజీ సర్టిఫికెట్ చెల్లాలంటే రెండు దేశాల మధ్య ఒప్పందం ఉండాలి. పోర్చుగల్‌తో మనకు ఉంది, స్పెయిన్‌తో లేదు. అంటే మీ హైదరాబాద్ కంపెనీ స్పెయిన్‌లో నమోదు చేసుకుని అక్కడ చందా కట్టాలి. ఒక్క ఉద్యోగి కోసం అంత తలనొప్పి ఎవరు నెత్తిన పెట్టుకుంటారు? అందుకే మన నుంచి స్పెయిన్ దారి ఉద్యోగులకన్నా ఫ్రీలాన్సర్లకే తేలిక. వాళ్లు తమ పేరునే నమోదు చేసుకుని తామే కట్టుకుంటారు.

అపోహ: ప్యాకేజీ 24 లక్షలు, మలేసియాకు సరిపోతుంది

మలేసియా ‘డీఈ రాంటావ్’ పాస్‌కు టెక్ రంగంవాళ్లు ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం చూపాలి. డాలరు 88 రూపాయలు అనుకుంటే దాదాపు 21 లక్షలు. ప్యాకేజీ 24 లక్షలైతే దాటేసినట్టే అనిపిస్తుంది. కానీ చూసేది సీటీసీని కాదు, పే స్లిప్పునూ బ్యాంకు స్టేట్‌మెంటునూ.

24 లక్షల్లో 10 శాతం వేరియబుల్ అనుకుందాం. 2.4 లక్షలు ఏడాది చివర, అదీ కంపెనీ దయ. బేసిక్ 40 శాతం అయితే 9.6 లక్షలు, దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 1.15 లక్షలు. గ్రాట్యుటీ కింద ఇంకో 46 వేలు. ఇన్సూరెన్సు కొంత. ఇవన్నీ తీసేస్తే నెలకు మిగిలేది సుమారు 1.65 లక్షలు. డాలర్లలో 1,900 కూడా లేదు. కావలసింది నెలకు 2,000. ఇంకా టీడీఎస్, మీ వాటా పీఎఫ్ కోతలు లెక్కలోకే తీసుకోలేదు.

మిగతా దేశాల్లో గీత ఇంకా పైన. పోర్చుగల్ డీ8 వీసాకు అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్లు కావాలి. కనీస వేతనం పెరిగినప్పుడల్లా ఇదీ పెరుగుతుంది. 2023లో నెలకు 3,040 యూరోలు, 2025 వచ్చేసరికి 3,480. స్పెయిన్‌కు అక్కడి కనీస వేతనానికి రెట్టింపు. బాలి కోసం ఇండోనేసియా అడిగేది ఏడాదికి 60,000 డాలర్లు. బార్బడోస్ 50,000 డాలర్ల ఆదాయం అడిగి, పైన 2,000 డాలర్ల ఫీజు తీసుకుంటుంది. దుబాయ్‌కి నెలకు 3,500 డాలర్లు. మన జీతాలకు అందుబాటులో ఉన్నది మారిషస్. నెలకు 1,500 డాలర్లు చాలు, అక్కడి ‘ప్రీమియం వీసా’కు ఫీజు లేదు. తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటూ, ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉన్న దేశం అది. మనకూ వాళ్లకూ టైము తేడా గంటన్నరే కాబట్టి పొద్దున్న మీటింగు నిద్ర చెడగొట్టదు. అదే లిస్బన్‌లో అయితే చలికాలంలో మన తొమ్మిదిన్నర స్టాండప్ మీటింగుకు తెల్లవారుజామున నాలుగింటికల్లా లేచి కూర్చోవాలి. రీల్స్‌లో ఎవరూ చూపించని దృశ్యం ఇది.

స్టూడెంట్ వీసాలకు ‘ఫండ్స్ చూపించడం’ అలవాటైన ఊళ్లలో దీనికీ అదే మంత్రం వేద్దామని చూస్తున్నారు. ఎక్కువ దేశాలు ఇక్కడ చూసేది నిల్వను కాదు, నెలనెలా పడే జీతాన్ని. పే స్లిప్పులోని అంకె బ్యాంకులో అదే తేదీకి కనిపించాలి. థాయ్‌లాండ్ డీటీవీ వీసా మాత్రం 5 లక్షల బాట్ల నిల్వ అడుగుతుంది. అక్కడ కూడా నిన్న పడి రేపు వెళ్లిపోయే డబ్బును అధికారులు ఇట్టే పసిగడతారు.

అపోహ: ఆదాయం ఉంటే ఏ దేశమైనా ఇస్తుంది

జపాన్ 2024 మార్చి చివర్లో ఆరు నెలల నోమాడ్ వీసా తెచ్చింది. ఏడాదికి కోటి యెన్ల ఆదాయం ఉండాలి. మీకు రెండు కోట్లు వచ్చినా లాభం లేదు, అర్హత ఉన్న దేశాల జాబితాలో భారత్ లేదు. ఐస్‌లాండ్‌దీ అదే తీరు. యూరప్‌లోని షెంగెన్ దేశాలకు వీసా అక్కర్లేని పాస్‌పోర్టు ఉన్నవాళ్లకే దాని రిమోట్ వీసా. ఇంగ్లిష్ వెబ్‌సైట్లలో ‘టాప్ 50 దేశాలు’ అని వచ్చే జాబితాలు అమెరికన్ల కోసం రాసినవి. వాటిని తెలుగులోకి దించి వీడియోలు చేసేవాళ్లు ఈ ముక్క వదిలేస్తున్నారు.

అపోహ: టూరిస్ట్ వీసా మీద పనిచేసుకున్నా ఎవరికి తెలుస్తుంది

ఇందులో కొంత నిజం కలిసి ఉంది. బ్రిటన్ 2024 జనవరి 31 నుంచి, న్యూజిలాండ్ 2025 జనవరి 27 నుంచి, సందర్శకులు విదేశీ కంపెనీకి రిమోట్‌గా పనిచేసుకోవచ్చని నిబంధనల్లోనే రాశాయి. కెనడా కూడా ఒప్పుకుంటుంది. అయితే బ్రిటన్‌లో పర్యటనకు అసలు ఉద్దేశం పని కాకూడదు. న్యూజిలాండ్‌లో 92 రోజులు దాటితే పన్ను సంగతి చూసుకోవాలి. చాలా దేశాల్లో ఈ వెసులుబాటు రాతపూర్వకంగా లేదు. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ‘మూడు నెలలు ఏం చేస్తావు’ అని అడిగితే నిజం చెప్పలేని పరిస్థితిలో నిలబడతారు. అక్కడ వెనక్కి పంపిస్తే ఆ రికార్డు తర్వాతి వీసా దరఖాస్తుల్లోనూ వెంట వస్తుంది.

అపోహ: దేశం దాటితే పన్ను లేదు

ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే మీరు మన పన్నుల శాఖ లెక్కలో రెసిడెంటే. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడుండి నవంబరులో విమానం ఎక్కినవాళ్లకు ఆ ఏడాది మొత్తం రెసిడెంట్ లెక్కే. నాన్ రెసిడెంట్ అయ్యాక కూడా, ఇక్కడి ఖాతాలో చేతికందే ఆదాయం మన చట్టం పరిధిలోకి వస్తుంది. జీతం ఇచ్చేది హైదరాబాద్ కంపెనీ, పడేది హైదరాబాద్ ఖాతాలో అయితే టీడీఎస్ ఆగిపోతుందని ఆశ పెట్టుకోవద్దు.

అవతలి దేశం లెక్క మళ్లీ వేరు. చాలాచోట్ల ఆరు నెలలు దాటగానే అక్కడా పన్ను రెసిడెంట్ అవుతారు. క్రొయేషియా నోమాడ్ల విదేశీ ఆదాయాన్ని వదిలేస్తుంది. థాయ్‌లాండ్ 180 రోజులు నిండినవాళ్లు దేశంలోకి తెచ్చుకున్న విదేశీ ఆదాయం మీద 2024 నుంచి గట్టిగా కన్నేసింది. దుబాయ్‌లో ఆదాయపు పన్ను లేదు కదా అంటారా, దానికీ మన చట్టంలో ఒక సెక్షన్ ఉంది. భారత ఆదాయం 15 లక్షలు దాటి, ఇంకే దేశంలోనూ పన్ను పరిధిలోకి రాని భారత పౌరుణ్ని 2020–21 నుంచి రెసిడెంటుగానే భావిస్తారు. రెండు దేశాల్లోనూ కట్టకుండా ఒప్పందాలు ఉన్నాయి గానీ అవి వాటంతట అవి పనిచెయ్యవు, కాగితాలు పెట్టి అడగాలి. చార్టర్డ్ అకౌంటెంట్‌కు ఇచ్చే ఫీజు ఇక్కడ దండగ కాదు.

అపోహ: ఒక యూరప్ దేశం వీసాతో యూరప్ అంతా ఉండొచ్చు, చివరికి పౌరసత్వం

వీసా ఇచ్చిన దేశంలోనే కాపురం. మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులు తిరిగి రావచ్చు. స్పెయిన్, పోర్చుగల్‌లో గడిపిన ఏళ్లు శాశ్వత నివాసానికి లెక్కకు వస్తాయి. క్రొయేషియా, దుబాయ్, మలేసియా వీసాలు శాశ్వత నివాసానికి దారి చూపవు. ఎస్టోనియా ‘ఈ-రెసిడెన్సీ’ కార్డు చేతికొచ్చిందని సూట్‌కేసు సర్దుకోవద్దు. అది ఆన్‌లైన్‌లో కంపెనీ నడుపుకోవడానికి, దాంతో ఆ దేశంలో అడుగు పెట్టడానికి కుదరదు.

అపోహ: కాగితాలదేముంది, ఏజెంట్ చూసుకుంటాడు

ఏజెంటు ఫారం నింపగలడు. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రం నుంచి మీరే తెచ్చుకోవాలి. అది విదేశంలో చెల్లడానికి, అడిగే దేశాలకు, దాని మీద విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించాలి. డిగ్రీ పట్టాకైతే ముందు రాష్ట్రం అటెస్టేషన్, ఆ తర్వాతే అపోస్టిల్. భార్యనో భర్తనో తీసుకెళ్లాలంటే మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. మన ఇళ్లలో మూడు ఆల్బమ్‌లు, ఒక డ్రోన్ వీడియో ఉంటాయి, రిజిస్ట్రేషన్ మాత్రం ఉండదు. పెళ్లయి పదేళ్లయినా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి చేయించుకోవచ్చు, దరఖాస్తుకు ముందే ఆ పని చూసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఒక్క అక్షరం ఇనీషియల్, డిగ్రీలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర, పే స్లిప్పులో అసలు లేదు. మనకు అందరూ ఒకటే. ఇంటిపేరు చివర మాత్రమే వచ్చే దేశపు గుమస్తాకు వీళ్లు నలుగురు మనుషులు. పే స్లిప్పులో, బ్యాంకు ఖాతాలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండేలా దరఖాస్తుకు కనీసం మూడు నెలల ముందే మార్పించుకోండి. ఎందుకంటే చాలా దేశాలు అడిగే జీతం స్లిప్పులు కూడా గడిచిన ఆ మూడు నెలలవే.