ఏ అరబీ నేర్పవలెను?

విశాఖపట్టణపు రేవులోను, ఉక్కు కర్మాగారపు పనులలోను చేయి తిరిగిన వెల్డర్లు, ఫిట్టర్లు పలువురు గల్ఫు దేశములకు పోవుచుందురు. వారి పనితనమునకు అచ్చట విలువ కలదు. భాష రానిచో ఆ విలువను కాపాడుకొనుట కష్టము. సౌదీ అరేబియా శ్రామిక శాసనము ప్రకారము పని ఒప్పందము అరబీలో నుండవలెను. వేరొక భాషలో ప్రతి యున్నను, రెంటికి భేదము వచ్చినప్పుడు అరబీ పాఠమే చెల్లును.

తెలుగునాట అరబీ విద్య క్రొత్తది కాదు. మదరసాలలో ఖురాను పఠనము నేర్పుదురు. హైదరాబాదులో 1888లో వెలసిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ప్రాచీన అరబీ గ్రంథములను పరిష్కరించి ప్రకటించినది. అయినను పఠనము వేరు, పాండిత్యము వేరు, పనిచోట మాటలాడుట వేరు.

బోధకునకు మొదటి చిక్కు ఇదియే. పత్రికలు, శాసనములు, ఒప్పందములు ‘ఫుస్‌హా’ అను గ్రాంథిక భాషలో నుండును. ఇంటను వీథిలోను ఆయా దేశపు వాడుక భాషయే వినబడును. ‘ఏమి’ యనుటకు గ్రంథమున ‘మాదా’ యని యుండగా, కువైటులో ‘షిను’ అందురు. గిడుగు రామమూర్తిగారు పుట్టిన సీమవారికి ఈ భేదమును వివరింప నక్కరలేదు. గ్రంథమే చదివినవానికి మేస్త్రీ మాట బోధపడదు. మేస్త్రీ మాటయే పట్టుకొన్నవానికి ఒప్పందము బోధపడదు.

రెండవ చిక్కు లిపి. ఇరువదియెనిమిది అక్షరములను కుడినుండి యెడమకు వ్రాయుదురు. హ్రస్వాచ్చులను సాధారణముగా గుర్తింపరు. తెలుగువానికి ఇది గుణింతము లేని వ్రాతవలె తోచును. క, త, బ అను మూడు హల్లులను చూచి, సందర్భమునుబట్టి ‘కతబ’ (వ్రాసెను) అనియో, ‘కుతుబ్’ (పుస్తకములు) అనియో చదువుకొనవలెను. అంకెలును వేరే. మన కంటికి సున్నవలె కనబడునది అచ్చట అయిదు. సున్నకు చుక్క పెట్టుదురు.

అనుకూలములును గలవు. ఆ మూడు హల్లులనుండియే కితాబ్ (పుస్తకము), కాతిబ్ (వ్రాయువాడు), మక్తూబ్ (వ్రాయబడినది) పుట్టినవి. సంస్కృత ధాతువుల నెరిగినవానికి ఈ పద్ధతి త్వరగా పట్టువడును. ఉర్దూ చదువరులకు అక్షరములు ముందే పరిచితములు. ఇక హక్కు, షరతు, తారీఖు, జవాబు, హాజరు మొదలగు అరబీ పదములు పారసీ, ఉర్దూల మార్గమున వచ్చి మన నోట ఎప్పటినుండియో నిలిచియున్నవి. అయితే కొన్నింటి అర్థము మారినది. మనకు వకీలు న్యాయవాది. అరబీలో ‘వకీల్’ అనగా ప్రతినిధి. మనకు గరీబు పేదవాడు. అచ్చట ‘గరీబ్’ అనగా పరాయివాడు.

కనుక వ్యాకరణముతో మొదలిడుట పనివానికి మేలుగాదని మా తలంపు. జీతము, పనిగంటలు, సెలవు, తారీఖు – వీనిని వ్రాతలో గుర్తించుటయు, అవే మాటలను వాడుకలో పలుకుటయు ఒకే పాఠమున జోడింపవలెను. వృత్తి శిక్షణాలయములలో సాయంకాలము ఒక గంట దీనికి కేటాయించుట అసాధ్యము గాదు. విమాన మెక్కుటకు ముందు తన ఒప్పందములోని జీతపు అంకెను తానే చదువుకొని, అది అయిదో సున్నయో చెప్పగలిగిననాడు ఆ విద్యార్థికి మొదటి పాఠము వచ్చినట్లే.