ఉచిత కరెంటు, ఉప్పెక్కిన దొరువు: మోటార్ చిన్నది చేశాక మాకు తెలిసొచ్చిన లెక్క

పోయిన వీడియోలో మా దొరువు చూపించాక చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, 5 హెచ్‌పీ మోటార్ తీసేసి 1.5 హెచ్‌పీ ఎందుకు పెట్టావు? కరెంటు ఉచితమే కదా?" అని. ఫోన్లో చెబితే సగమే అర్థమవుతుంది, అందుకే రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా తోటపల్లిగూడూరు మండలం, సముద్రం పక్కన ఇసుక నేల. వేరుశనగ, కూరగాయలు వేస్తాం, ఇంటి దగ్గర గానుగ నడుపుతాం. మా దగ్గర నీళ్ల కథ వేరు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పొరలాగా తేలుతుంది. దొరువు తవ్వి ఆ పై పొరను మాత్రమే తోడుకోవాలి. డిప్లొమాలో చదివిన లెక్క ప్రకారం పైన తీపినీటి మట్టం 1 అడుగు పడిపోతే, కింద ఉప్పునీటి హద్దు దాదాపు 40 అడుగులు పైకి జరగగలదు. మా తాత కడవలతో ముంచి మొక్క మొక్కకీ పోసేవాడు. ఆయనకి ఈ లెక్క తెలియదు, కానీ దొరువు ఎప్పుడూ ఉప్పెక్కలేదు.

ఉప్పెక్కించింది నేనే. నాలుగేళ్ల కిందట 5 హెచ్‌పీ మోటార్ దింపాను. "అబ్బయా, అంత మోటార్ ఎందుకురా, దొరువు ఉప్పెక్కుద్ది" అని నాయన అంటానే ఉన్నాడు. నేను వినలేదు. పైగా ఆటో స్టార్టర్ పెట్టాను. కరెంటు రాగానే మోటార్ దానంతట అదే తిరిగేది, పోయేదాకా ఆగేది కాదు. రెండో వేసవికి బెండ ఆకుల అంచులు మాడిపోయాయి, చిక్కుడు పూత నిలవలేదు. జీవామృతం తగ్గిందేమో అనుకుని ఇంకో రెండు డ్రమ్ములు పోశాను. చివరికి ఈసీ మీటర్ పెట్టి చూస్తే, ముందు 1.1 ఉన్న నీళ్లు 3.6 చూపించాయి. భూమికి తిండి పెడుతూనే ఉప్పు కూడా నేనే పోస్తున్నానన్నమాట.

అప్పుడు కరెంటు లెక్క కూడా వేశాను. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. 5 హెచ్‌పీ మోటార్ తన నష్టాలు కలుపుకుని గంటకి సుమారు నాలుగున్నర యూనిట్లు లాగుతుంది. 9 గంటలకి 40 యూనిట్లు. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ తయారు కావాలంటే 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కావాలి. అంటే నా ఒక్క మోటార్‌కే రోజుకి ఇరవై అయిదు కిలోలు, ఒక బియ్యం బస్తా అంత బొగ్గు! మాకు దక్షిణంగా పోతే నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లు మూడు, మూడోది 2022లో ప్రారంభించారు. ఇవి సూపర్ క్రిటికల్ యూనిట్లు. పాతవాటికంటే తక్కువ బొగ్గుతో యూనిట్ తీస్తాయి, అయినా బొగ్గు బొగ్గే. వ్యవసాయానికి 2004 నుంచి కరెంటు మనకి ఉచితం. దాని ఖర్చు ప్రభుత్వం డిస్కంకి సబ్సిడీగా కడుతుంది. బిల్లు మన చేతికి రాదు గానీ, ఎక్కడో ఒకచోట ఎవరో కడుతూనే ఉంటారు.

ఇక డిస్కం వైపు ఏం జరుగుతోందో చూద్దాం. మన జిల్లాకి కరెంటు ఇచ్చేది తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్పీడీసీఎల్. రైతుకి పనికొచ్చే మార్పులు మూడు.

ఒకటి, పగటి కరెంటు. ఒకప్పుడు రాత్రిపూట మోటార్ వేయడానికి పొలానికి పోయి పాము కాటుకి గురైన వాళ్లు మనందరికీ తెలుసు. ఇప్పుడు పగలే 9 గంటలు అనేది విధానం. సోలార్ పండేది కూడా పగలే. ఓర్వకల్లు దగ్గర కర్నూలు సోలార్ పార్క్ 1,000 మెగావాట్లది, 2017లో సిద్ధమైంది. ఎండ ఉన్నప్పుడు మోటార్లు తిరిగితే ఆ కరెంటు అక్కడికక్కడే వాడకానికి వస్తుంది.

రెండు, ఫీడర్ సోలార్. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో ఇదొక భాగం. సబ్‌స్టేషన్ దగ్గర్లో సోలార్ ప్లాంట్ పెట్టి వ్యవసాయ ఫీడర్‌కి నేరుగా ఇస్తారు. దూరం తగ్గితే దారిలో పోయే కరెంటూ తగ్గుతుంది. రైతు ప్యానెళ్లు కొనక్కర్లేదు, ఉన్న మోటారే సరిపోతుంది.

మూడు, హెచ్‌వీడీఎస్. ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొడుగు లైన్లు లాగడం మాని, 11 కేవీ లైన్‌ని పొలాల దాకా తెచ్చి రెండు మూడు మోటార్లకి ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. వోల్టేజీ నిలబడుతుంది, మోటార్లు కాలడం తగ్గుతుంది.

అయితే ఒక మాట. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో నమ్మకం లేకపోతే రైతు పెద్ద మోటారే పెడతాడు, దొరికినంత లాగేద్దామని. పగలు 9 గంటలు ఖాయంగా వస్తే చిన్న మోటార్ చాలు. టైముకి కరెంటు ఇవ్వడం డిస్కం బాధ్యత. ఆటో స్టార్టర్ పీకేయడం మన బాధ్యత.

మేం చేసింది ఇదీ. 1.5 హెచ్‌పీ మోటార్, డ్రిప్పు. పొద్దున మూడు గంటలు, మధ్యలో దొరువు ఊరనిచ్చి మధ్యాహ్నం మూడు గంటలు. వాడకం 40 యూనిట్ల నుంచి 9 యూనిట్లకి వచ్చింది. పంట మధ్య వేరుశనగ పొట్టు, గడ్డితో ఆచ్ఛాదన, తొలకరికి ముందే నవధాన్యాలు. నేల కప్పి ఉంటే రోజు విడిచి రోజు తడి ఇచ్చినా సరిపోతోంది. రెండు వానాకాలాలు గడిచాక ఈసీ 1.6కి దిగింది. ఇంకా 1.1కి రాలేదు. చిక్కుడు మాత్రం ఈ ఏడు కాసింది.

మీరు చేసుకోదగ్గవి:
– మోటార్ దగ్గర కెపాసిటర్ ఉండాలి. 3 హెచ్‌పీకి 1, 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్.
– బావి, కాలవ మోటార్లకి రాపిడి తక్కువ ఉండే ఫుట్‌వాల్వ్, నున్నటి పీవీసీ పైపు, తక్కువ వంపులు.
– కొత్తది కొంటే 5 స్టార్ ఉన్న పంపుసెట్టే అడగండి.
– తీరప్రాంతం వాళ్లు నెలకోసారి ఈసీ కొలిచి గోడ మీద రాసుకోండి.
– ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్‌కి పీఎం సూర్యఘర్ కింద కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. ఇది ఇంటి సర్వీసుకే. నాలాగా గానుగ షెడ్డుకి వేరే మీటర్ ఉన్నవాళ్లు ముందే చూసుకోండి.

నాయన ఇప్పుడేమీ అనడు. పొద్దున్నే దొరువు దగ్గరికి పోయి దోసిట్లో నీళ్లు తీసుకుని నాలిక మీద వేసుకుంటాడు. నా మీటర్ కంటే ముందు ఆయనే చెబుతాడు, ఈ రోజు మోటార్ వేయొచ్చా లేదా అని.

కెపాసిటర్ బిగించే పద్ధతి వచ్చే వీడియోలో చూపిస్తాను. మీ దొరువు నీళ్ల ఈసీ ఎంతుందో రాయండి, ఊరి పేరుతో సహా.