వార్తల్లో పదం: ఇండికేషన్

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ దక్కినప్పటి నుంచీ ఈ మాట కోనసీమలో బాగా నలుగుతోంది. జీఐ అంటే జాగ్రఫికల్ ఇండికేషన్. మనం భౌగోళిక గుర్తింపు అంటున్నాం. జాగ్రఫీ గ్రీకు సరుకు, ఇండికేషన్ లాటిన్‌ది. లాటిన్‌లో ‘ఇండికారె’ అంటే చూపించడం. దాని దగ్గరి చుట్టం ‘ఇండెక్స్’కు చూపుడువేలు అనే అర్థమూ ఉంది. పుస్తకం చివరి పదసూచిక, షేర్ మార్కెట్ సూచీ, బండికి మిణుకుమనే ఇండికేటర్, అన్నీ ఆ వేలి సంతానమే.

మన జీఐ చట్టంలో ఇండికేషన్ అంటే సరుకు నాణ్యత, పేరు ఫలానా చోటివల్లే వచ్చాయని చూపే గుర్తు. 1999లో చేసిన ఈ చట్టం 2003లో అమల్లోకొచ్చింది. తొలి గుర్తింపు డార్జిలింగ్ టీది. ఏ గుర్తింపునైనా పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

ఆత్రేయపురంలో చూపాల్సింది చేతి పనితనమే. బోర్లించిన కుండ, లోపల మంట. పల్చటి బియ్యప్పిండి జారులో తడిపిన గుడ్డను కుండపై ఇలా పరిచి అలా లాగుతారు. క్షణంలో కాగితం లాంటి రేకు. అందులో పెట్టే నెయ్యీ బెల్లమూ ఎక్కడైనా దొరికేవే! పూతరేకులు ఎవరైనా చుట్టి అమ్ముకోవచ్చు. అక్కడివి కాని వాటి డబ్బా మీద ‘ఆత్రేయపురం’ అని వేస్తేనే పేచీ.