ఒకే గేరుతో కొండ ఎక్కడం ఎలా?

సైకిలు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఏముంటుందని మన మిత్రులు చాలామంది అనుకోవచ్చు. హాస్టల్ నుంచి కాలేజీకి, సెలవుల్లో ఊళ్ళో ఇంటి నుంచి పొలానికి, మనలో ఎక్కువమందికి చేతికందిన మొదటి వాహనం అదే. అది కూడా గేర్లు లేని సైకిలే. నిజానికి 'గేర్లు లేని సైకిలు' అన్న మాట సరైనది కాదు. ప్రతి సైకిలుకూ కనీసం ఒక గేరు ఉంటుంది. ఆ ఒక్క గేరు ఎంత ఉండాలో మనం నిర్ణయించుకున్నామా, లేక షాపులో ఇచ్చినదే తొక్కుతున్నామా అన్నదే ప్రశ్న. ఎత్తుపల్లాల మట్టిదారుల్లో ఒకే గేరుతో తొక్కే సైకిలును, అంటే 'సింగిల్ స్పీడ్ మౌంటెన్ బైక్'ను ఎలా తయారు చేసుకోవాలో, ఎలా తొక్కాలో, దాని వెనుక ఉన్న లెక్క ఏమిటో మన పత్రిక పాఠకులకు వివరించాలన్నదే మా ప్రయత్నం.

కొండ సైకిలు పుట్టుక

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మారిన్ కౌంటీ అనే కొండప్రాంతం ఉంది. 1970లలో అక్కడి యువకులు కొందరు 1930, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్ళను సంపాదించి, కొండమీది మట్టిదారుల్లో వేగంగా దిగడం మొదలుపెట్టారు. లావు టైర్లు, బరువైన ఫ్రేము, ఒకే గేరు, పెడల్‌ను వెనక్కి తొక్కితే వెనుక హబ్బు లోపలే పడే బ్రేకు - ఇవే ఆ సైకిళ్ళ లక్షణాలు. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర వాళ్ళు ఒక పందెం పెట్టుకున్నారు. రెండు మైళ్ళకు కాస్త అటూ ఇటూ దూరంలో సుమారు 1300 అడుగుల దిగుడు! కిందికి చేరేసరికి బ్రేకు వేడికి హబ్బులోని గ్రీజు కాలి పొగ వచ్చేది. ప్రతిసారీ హబ్బు విప్పి కొత్త గ్రీజు నింపవలసి వచ్చేది. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు వచ్చింది. మళ్ళీ నింపడం అని దాని అర్థం.

దిగడం సరే, ఎక్కడం మాటేమిటి? సైకిలును నెట్టుకుంటూనో, ట్రక్కులో వేసుకొనో పైకి చేరేవారు. ఈ ఇబ్బంది తీరడానికి గ్యారీ ఫిషర్ వంటివారు ఆ పాత సైకిళ్ళకే గేర్లు బిగించారు. 1977లో జో బ్రీజ్ కొండదారుల కోసమే కొత్త ఫ్రేములు తయారు చేశారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ 'స్టంప్‌జంపర్' పేరుతో 15 గేర్ల సైకిలును పెద్దయెత్తున అమ్మకానికి తెచ్చింది. ఆ తరువాత గేర్లు 18, 21, 24 అంటూ పెరుగుతూ పోయాయి.

విచిత్రమేమిటంటే, 1990లలో కొందరు ఆ గేర్లన్నీ విప్పేసి మళ్ళీ ఒక్కటే ఉంచుకున్నారు. గేరు మార్చే పరికరం బురదలో పట్టేస్తుంది, రాయి తగిలితే వంగిపోతుంది. ఒకే గేరయితే ఆ బాధ లేదు. బరువు తగ్గుతుంది, చైను ఎక్కువ కాలం మన్నుతుంది. వానాకాలం నల్లరేగడి దారిలో సైకిలు తోసుకువెళ్ళిన వారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

గేరు లెక్క

ముందున్న చైను చక్రం పళ్ళను వెనుకనున్న ఫ్రీవీల్ పళ్ళతో భాగిస్తే వచ్చేదే గేరు నిష్పత్తి. ముందు 44, వెనుక 18 ఉంటే నిష్పత్తి 2.44. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం రెండున్నర చుట్లకు కొంచెం తక్కువగా తిరుగుతుంది. మనవైపు రేంజర్ సైకిలు అని పిలిచే 26 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.07 మీటర్లు. కాబట్టి ఒక్క చుట్టు పెడల్‌కు సైకిలు 5 మీటర్లు దాటి పోతుంది. చదును రోడ్డుకు ఇది బాగానే ఉంటుంది.

ఇప్పుడు ఎత్తుకు వద్దాం. పది మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేచే దారి అనుకుందాం. తొక్కేవాడి బరువు 60 కిలోలు, సైకిలు బరువు 20 కిలోలు, మొత్తం 80. పెడల్ కడ్డీ పొడవు 17 సెం.మీ. కనుక అర చుట్టులో పాదం 34 సెం.మీ. కిందికి దిగుతుంది. ఆ అర చుట్టులో సైకిలు సుమారు 253 సెం.మీ. ముందుకు, అంటే 25.3 సెం.మీ. పైకి పోతుంది. బలాన్ని దూరంతో గుణిస్తే పని అని మనం హైస్కూల్లో చదువుకున్నదే. 80ని 25.3తో గుణించి 34తో భాగిస్తే దాదాపు 60 వస్తుంది. అంటే 60 కిలోల మనిషి తన బరువు మొత్తం పెడల్ మీద మోపినా ఎక్కడానికి అది సరిసమానం మాత్రమే. రాపిడిని కూడా కలుపుకుంటే చాలదు. హ్యాండిల్‌ను గట్టిగా పైకి లాగుతూ పెడల్‌ను అదనంగా నొక్కితే తప్ప సైకిలు కదలదు.

అదే వెనుక 22 పళ్ళ ఫ్రీవీల్ వేస్తే? నిష్పత్తి సరిగ్గా 2. అర చుట్టులో సైకిలు పైకి లేచేది 20.7 సెం.మీ. లెక్క కడితే 49 కిలోలు చాలు. నాలుగు పళ్ళు పెరిగితే 11 కిలోల భారం తగ్గింది! ఎత్తు దగ్గర సైకిలు దిగి నెట్టే కుర్రాడు తన కాళ్ళలో బలం లేదనుకుంటాడు. లోపం కాళ్ళది కాదు, పళ్ళది.

అయితే ప్రతి లాభానికీ ఒక ఖరీదు ఉంటుంది. నిష్పత్తి 2 అయితే ఒక చుట్టుకు 4.15 మీటర్లే పోతాం. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు సుమారు 20 కి.మీ. వేగం వస్తుంది. 2.44తో అయితే అదే తొక్కుడికి 24 కి.మీ. వస్తుంది. అందువల్ల రోజూ పోయే దారి చదునుగా ఉంటే మార్చవలసిన అవసరం లేదు. 26 అంగుళాల చక్రంతో కొండదారుల్లో తిరిగేవారు మాత్రం 32కు 16 వంటి జతతో, అంటే 2 నిష్పత్తితో మొదలుపెట్టి, తమ దారిని బట్టి ఒకటి రెండు పళ్ళు మార్చుకుంటారు.

తయారు చేసుకునే విధానం

మొదట ఫ్రేము చూడాలి. వెనుక ఇరుసు కూర్చునే గాడి పొడవుగా ఉంటే చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగించవచ్చు. రేంజర్ సైకిళ్ళకు సాధారణంగా ఇలాగే ఉంటుంది. గేర్ల సైకిళ్ళలో చాలావాటికి గాడి నిలువుగా ఉంటుంది. అలాంటి దానికి చైనును బిగించి పట్టే చిన్న పరికరం విడిగా కావాలి.

రెండోది ఫ్రీవీల్. పాతది విప్పడానికి తగిన పనిముట్టు సైకిలు షాపులో ఉంటుంది. కొత్తది బిగించేటప్పుడు మరలకు గ్రీజు రాయడం మరువవద్దు. లేకపోతే మళ్ళీ విప్పడం కష్టం.

మూడోది చైను. దీన్ని కొలవడానికి మన 30 సెం.మీ. స్కేలు చాలు. కొత్త చైనులో 20 లింకులు, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు, 25.4 సెం.మీ. ఉంటాయి. రెండు మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ సాగితే ఆ చైను పనికిరాదు. సాగిన చైను కొత్త ఫ్రీవీల్ మీద జారుతుంది. వెనుక నాలుగు పళ్ళు పెరిగితే చైను పొడవు ఒక అంగుళం, అంటే రెండు లింకులు, ఎక్కువ కావాలి.

నాలుగోది వరుస. వెనుక నిలబడి చూస్తే చైను ముందు చక్రం నుంచి వెనుక చక్రానికి సూటిగా ఉండాలి. పక్కకు లాగితే చప్పుడు చేస్తుంది, ఊడిపోతుంది. బిగువు విషయంలో, చైను మధ్యభాగం వేలితో కదిపితే ఒక సెంటీమీటరు పైకీ కిందికీ ఆడాలి. చైను చక్రం అచ్చంగా గుండ్రంగా ఉండదు. కాబట్టి పెడల్ తిప్పుతూ అన్నిచోట్లా చూసి, ఎక్కువ బిగువుగా ఉన్నచోట ఈ వదులు ఉండేలా సరిచేయాలి. చివరగా రెండు ఇరుసు నట్లూ పానాతో గట్టిగా బిగించాలి. బ్రేకు రబ్బర్లు అరిగి ఉంటే అవి మార్చకుండా ఎత్తుపల్లాల దారికి పోనే పోరాదు.

తొక్కే విధానం

ఒకే గేరు ఉన్నప్పుడు మార్చుకోవలసింది మన శరీరాన్నే. ఎత్తు మొదలు కాకముందే వేగం అందుకోవాలి. సగం ఎక్కాక తొందరపడితే లాభం లేదు. వేగం తగ్గగానే సీటు మీద నుంచి లేచి నిలబడి, ఒక్కో పెడల్ మీద ఒక్కో అడుగుగా బరువు మోపాలి. మరీ ముందుకు వంగితే కంకర మీద వెనుక చక్రం జారుతుంది. మరీ వెనక్కి ఉంటే ముందు చక్రం తేలిపోతుంది. దిగేటప్పుడు రెండు పెడళ్ళూ సమంగా ఉంచి, నడుము వెనక్కి జరిపి, రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా వాడాలి. వదులు మట్టిలో ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టరాదు.

మోకాలు నొప్పి పెడుతుంటే అది పౌరుషానికి పరీక్ష కాదు. గేరు పెద్దదని చెప్పే సూచన కావచ్చు. మరీ నిటారు దారిలో దిగి నడవడంలో అవమానమేమీ లేదు. మారిన్ కొండల వీరులూ నెట్టుకుంటూనే ఎక్కారు!

ఎంపిక

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఇరవై నాలుగు గేర్లు వాడి చూసి ఒకటి చాలనుకోవడం వేరు, ఒకటే ఉండటం వేరు. మొదటిది ఎంపిక, రెండోది లేమి. ఒకే గేరు గొప్పదని పొగిడి లేమిని కప్పిపుచ్చడం మా ఉద్దేశం కాదు. చాలా దూరం కొండలెక్కవలసిన వారికి గేర్ల సైకిలే మేలు. కానీ ఉన్న ఆ ఒక్క గేరునైనా మన దారికి, మన బరువుకు తగినట్టు లెక్కగట్టి పెట్టుకున్ననాడు అది మన ఎంపికే అవుతుంది. దానికి కావలసింది ఒక స్కేలు, ఒక పానా, పదో తరగతి లోపు నేర్చుకున్న లెక్కలు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ పేజీ చదివాక హాస్టల్ షెడ్డులోని మీ సైకిలు దగ్గరకు వెళ్ళి ముందు పళ్ళెన్నో, వెనుక పళ్ళెన్నో లెక్కపెట్టండి. భాగహారం చేసి చూడండి. పాఠ్యపుస్తకంలో భయపెట్టిన సూత్రం మీ పాదం కిందే తిరుగుతోందని మీకే తెలుస్తుంది.