పేరున్న తండా.. లెక్కలో కానరాదు
జనగణనకు రెవెన్యూ గ్రామమే ప్రమాణం

హాలియా: మిర్యాలగూడ నుంచి నాగార్జునసాగర్‌కు వెళ్లే దారిలో ప్రయాణికులందరికీ తెలిసిన కూడలి హాలియా. మండలం పేరు మాత్రం రికార్డుల్లో అనుముల. జనం నోట నలిగే పేరు ఒకటి, కాగితంపై ఉండే పేరు మరొకటి కావడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఎడమ కాలువ ఆయకట్టులోని శివారు గ్రామాలు, తండాలది మరింత చిక్కు. వాటికి పేరున్నా, జనాభా లెక్కల్లో ప్రత్యేక స్థానం లేదు.

కారణం ఏమిటి?
గ్రామీణ ప్రాంతాల్లో జనాభా లెక్కలను రెవెన్యూ గ్రామాల వారీగా ప్రకటిస్తారు. ఒక రెవెన్యూ గ్రామ సరిహద్దులో నాలుగు ఆవాసాలున్నా, అన్నింటి జనాభా ఒకే అంకెగా వెలువడుతుంది. తండాలో ఎందరున్నారు, ఎందరు చదువుకున్నారు అన్నది ఆ మొత్తంలో కలిసిపోతుంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో అనేక తండాలు పంచాయతీలయ్యాయి. అయితే పంచాయతీ వేరైనంత మాత్రాన రెవెన్యూ గ్రామం వేరు కాదు.

నష్టం ఎక్కడ?
2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనకు రెవెన్యూ గ్రామం కాక ఆవాసమే ప్రమాణం. మైదాన ప్రాంతాల్లో 500 జనాభా ఉంటేనే రహదారికి అర్హత. 2024లో ఆమోదం పొందిన నాలుగో విడతకు 2011 లెక్కలనే ఆధారంగా తీసుకున్నారు. అంటే జనగణన విడిగా చూపని అంకె మీదనే తండా బాట ఆధారపడి ఉంది.

మారిన హద్దులు
2011లో ఉమ్మడి నల్గొండ జిల్లా జనాభా 34,88,809. 2016లో సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు విడిపోగా, అవే లెక్కల ప్రకారం ప్రస్తుత జిల్లా జనాభా 16,18,416గా తేలింది. 2011లో పంచాయతీ పాలనలో ఉన్న హాలియా 2018లో పురపాలక సంఘమైంది. అందువల్ల కొత్త జనగణనలో దీనిని పట్టణంగా లెక్కిస్తారు. పాత అంకెలతో పోల్చేవారు ఈ మార్పును గమనించాలి.

ప్రజలు చేయవలసింది
కొత్త జనగణనకు 2025 జూన్ 16న ప్రకటన వెలువడింది. తెలంగాణకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఇళ్ల జాబితాకు 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు, జనాభా లెక్కింపునకు 2027 ఫిబ్రవరిని నిర్ణయించారు. 2011 నిబంధనల ప్రకారం లెక్కింపు రోజులన్నీ వలసలో గడిపినవారిని వారు ఉన్నచోటే లెక్కించారు. పనుల కోసం హైదరాబాద్ వెళ్లిన కుటుంబాలు ఆ మేరకు తండా లెక్కలోంచి తప్పిపోయాయి. ఎన్యూమరేటరు వచ్చినప్పుడు ఊరి పేరుతోపాటు ఆవాసం పేరు కూడా చెప్పడం, చివరి ఇంటి వరకు దారి చూపడం అవసరం. జాబితాకెక్కని ఇల్లు ఏ మొత్తంలోనూ చేరదు.